అమావాస్య నాటి చవక టికెట్

మధ్యాహ్నం హాస్టల్ పిల్లల భోజనాలయ్యాక ఇందిరాదేవిగారు మెట్ల మీద కూర్చుంటారు. భుజం మీద తడి తువ్వాలు, చేతిలో ఫోను. ఆ వేళకి నేను మా శ్రీకర్‌ని నిద్రపుచ్చలేక, వాణ్ని భుజానేసుకుని పై వాటా నుంచి కిందికి దిగుతాను. వాడికింకా రెండేళ్లు నిండలేదు. రాత్రుళ్లు దగ్గు, పగలు పేచీ. నా బ్యాగులో పుస్తకాల కంటే ముందు థర్మామీటర్ ఉంటుంది.

"రా అమ్మాయ్, నీ ఫోన్ కూడా తెరువు," అంటారావిడ. "మధురైకి చూడు. ఎల్లుండి."

మాది దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల వెనక సందు. కింది వాటాలో ఇందిరాదేవిగారి ఆడపిల్లల హాస్టల్, పై వాటాలో మేం కిరాయికి ఉంటున్నాం. ఇద్దరికీ గేటు ఒకటే. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, దగ్గర్లోని కోచింగ్ సెంటర్లో పూటకో బ్యాచ్ చెప్తాను. నా క్లాసు వేళకి పిల్లాడు ఆవిడ దగ్గర ఉంటాడు. అందుకని నాకు ఆవిడంటే ఎంత ఇష్టమో, ఆవిడకి జ్వరం వస్తుందేమోనని అంత భయం.

హాస్టల్ పిల్లలకు విమానాలతో పనేమిటని మొదట్లో అనుకున్నాను. వీళ్లంతా నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ వైపు ఊళ్ల నుంచి పోటీ పరీక్షల కోసం వచ్చినవాళ్లు. ఎర్రబస్సెక్కడానికే లెక్క చూసుకుంటారు. కానీ పరీక్షకి నాలుగు రోజుల ముందు హాల్ టికెట్ వస్తుంది, చూస్తే సెంటర్ ఎక్కడో ఉంటుంది. రైలు చూస్తే వెయిటింగ్ లిస్టు. అలా ఒకసారి ఒక పిల్ల మంచం మీద బోర్లా పడి ఏడుస్తుంటే, ఇందిరాదేవిగారు ఆ పిల్లని వెంటబెట్టుకుని బస్ డిపో దగ్గరి ట్రావెల్స్ షాపుకి వెళ్లారట. అతను చెప్పిన ధర విని నోరు మూసుకుని తిరిగొచ్చి, అదే విమానాన్ని ఫోన్లో వెతికారు. అప్పుడు తెలిసిన తేడా ఆవిడ మనసులో ఇంకా మండుతూనే ఉంది. ఆనాటి నుంచి ఏ పిల్లకి సెంటర్ దూరం పడ్డా ఫోను ఆవిడ చేతికొస్తుంది.

ఆవిడది పాలకొల్లు దగ్గర పల్లె. భర్త ప్రసన్నకుమార్‌గారు ఇక్కడ టైపింగ్ ఇనిస్టిట్యూట్ నడిపేవారు. కంప్యూటర్లు రావడంతో అది మూతపడింది, ఆ దిగులుతోనే ఆయనా పోయారు. ఆ హాల్లోనే మంచాలు వేయించి హాస్టల్ పెట్టారావిడ. పొద్దున ఇడ్లీ పిండితో మొదలైతే రాత్రి గేటు తాళంతో ముగుస్తుంది రోజు. అందులో ఈ మెట్ల మీద కూర్చునే కాసేపే ఖాళీ. ఆ ఖాళీ కూడా విమానాలకే పోతోంది.

ఆవిడకో పద్ధతి ఉంది. అన్ని విమానాలనూ ఒకేచోట చూపించే సైట్‌లో ముందు వేళలు చూస్తారు. అక్కడ కొనరు. ఆ తర్వాత ఒక్కో కంపెనీ సొంత సైట్‌కి వెళ్లి, చివరి పేజీ దాకా నొక్కుకుంటూ పోతారు. సీటు ఎంచుకోమంటే వద్దంటారు, ఇన్సూరెన్స్ పెట్టెలో ముందే పడి ఉన్న టిక్ తీసేస్తారు, భోజనం వద్దంటారు. స్టూడెంట్ ఆఫర్ ఉంటే వెతికి నొక్కుతారు. అన్నీ అయ్యాక డబ్బు కట్టమనే చోట ఏ అంకె కనిపిస్తుందో దాన్నే నమ్ముతారు.

"మొదటి పేజీలో ఉండేది ధర కాదమ్మాయ్, ఎర. కొత్తపేటలో బత్తాయిలవాడు పైన మంచి కాయలు పేర్చినట్టు."

ఒకే ఫోన్లో రెండుసార్లు చూస్తే ధర పెంచేస్తారని ఆవిడ గట్టి నమ్మకం. అందుకే నా ఫోన్ కావాలి. నేను కొన్నాళ్లు రెండు ఫోన్లలోనూ పక్కపక్కన చూశాను. ఒకసారి పెరిగింది, ఒకసారి తగ్గింది, ఎక్కువసార్లు కదల్లేదు. రుజువేమీ లేదు పిన్నిగారూ అంటే ఆవిడ నవ్వారు.

"నువ్వు చదివిన సైన్సు వాళ్లు చదివుండరులే. నీ ఫోన్ ఇలా ఇయ్యి."

శనివారం పొద్దున జ్యోతిక ఈమెయిల్ చూసుకుని వంటింట్లోకి పరుగెత్తింది. దేవరకొండ దగ్గరి ఊరి పిల్ల, బీఎస్సీ చేసింది. రాత పరీక్ష పాసైన ఉద్యోగం, కేంద్ర పరిశోధన సంస్థలో ల్యాబ్ అసిస్టెంట్. బుధవారం పొద్దున భువనేశ్వర్‌లో సర్టిఫికెట్ల పరిశీలన, వెంటనే ప్రాక్టికల్ పరీక్ష. అన్నీ ఒరిజినల్స్ తేవాలి. రాకపోతే పేరు తీసేస్తారు.

మూడేళ్లుగా ఆ పిల్ల ఇదే హాస్టల్లో, కిటికీ పక్క మంచం మీద ఉంది. తండ్రి దశరథ బోర్ల బండి మీద పనిచేస్తాడు. ఈ ఏడాదితో హాస్టల్ ఖర్చు తనవల్ల కాదని ముందే చెప్పేశాడు. ఇది పోతే జ్యోతిక సామాను సర్దుకుని ఊరికి వెళ్లిపోవాల్సిందే.

రైళ్లు చూశాం. ఒక్క బెర్తూ లేదు. విమానాలు చూశాం. సోమవారం అన్నీ ఖరీదే. మంగళవారం సాయంత్రం ఇంకా ఖరీదు. మంగళవారం మధ్యాహ్నం దాటాక ఒకటి మాత్రం మిగతావాటిలో సగానికి సగం తక్కువ.

"ఇదేమిటిది, పొరపాటా?" అన్నారు ఇందిరాదేవిగారు. నా ఫోన్లోనూ చూశాం. అదే ధర. చివరి పేజీలోనూ అదే. రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు, తేదీ మార్చడం కుదరదు అని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

గోడ మీది క్యాలెండర్ వైపు చూసి ఆవిడే అన్నారు, "అమావాస్యే అమ్మాయ్ ఆ రోజు. మంగళవారం కూడానూ. పైగా సరిగ్గా రాహుకాలంలో లేస్తుంది. ఎవడెక్కుతాడు?"

ధరకీ అమావాస్యకీ ఏం సంబంధమో నాకు తెలీదు. అడిగే ఓపికా లేదు. పిల్లాడు నా చెవిపోగు లాగుతున్నాడు.

జ్యోతిక తండ్రికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. వెనక బోర్ల బండి మోత.

"ఏందమ్మా, మంగళారమా? గందుల అమాసనా?" అన్నాడు దశరథ. "ఆడివిల్లను గా దినం మోటర్ మీదనే తోలియ్యం, గాలిమోటర్ ఎట్ల ఎక్కిస్తం? ఒకదినం ముందుగాల పొమ్మనుండ్రి."

"ముందు రోజుకి రెండింతలు నాన్నా," అంది జ్యోతిక.

 "మీరే ఏదన్న చెప్పుండ్రి మేడమ్," అన్నాడు దశరథ.

ఇందిరాదేవిగారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "దశరథగారూ, మా వైపు ప్రస్థానం పెడతామండీ. తప్పనిసరి ప్రయాణం మంచిరోజు కాకపోతే, ముందే ఓ మంచి గడియ చూసి సంచి గడప దాటించి వేరే ఇంట్లో పెట్టేస్తాం. ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు లెక్క. అసలు రోజున మనిషి అక్కడి నుంచి సంచి తీసుకుని అటే వెళ్లిపోవాలి. దోషం ఉండదు."

"మా అవ్వ గూడ పస్తానమని పెట్టేది," అన్నాడతను. గొంతు తేలికపడింది. "గట్లయితే కొట్టుండ్రి టికెట్."

సోమవారం చతుర్దశి, పనికిరాదు. ఆదివారం త్రయోదశి, పొద్దున మంచి వేళ ఉంది. మా పై వాటాలో పెడదామంటే గేటు ఒకటే కనుక కుదరదన్నారు. ఎదురిల్లు యాదలక్ష్మిది. చౌటుప్పల్ అవతలి ఊరి మనిషి, ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. భర్త లారీ మీద వెళ్తే వారం దాకా రాడు. ఆ ఇంట్లో పెడదామనుకున్నారు.

జ్యోతిక సంచిలో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి సర్దింది. ఇందిరాదేవిగారు తల అడ్డంగా ఊపారు.

"పాత బట్టలు నాలుగు పెడితే ప్రయాణమా అది? దేనికోసం వెళ్తున్నావో అది గడప దాటాలి. నీ సర్టిఫికెట్ల ఫైలు పెట్టు."

"ఆంటీ, అవి నా దగ్గర ఉంటేనే నాకు ధైర్యం."

"నీ దగ్గరుంటే ఈ ఇంట్లోనే ఉన్నట్టు. పెట్టు."

ఫైలు సంచిలోకి వెళ్లింది. పసుపు రాసిన చిన్న గుడ్డ ముక్క కూడా వేసి, ఇద్దరూ వీధి దాటారు. నేను బాల్కనీలోంచి చూస్తూ, ఫోటో కాపీలు తీయించారా అని కేకేశాను. తీయించారట. కానీ వాళ్లడిగింది ఒరిజినల్స్.

మంగళవారం నా క్లాసు అయ్యి ఇంటికొచ్చేసరికి జ్యోతిక తయారై గేటు దగ్గరుంది. ఆధార్ కార్డు, ఫోను చేతి సంచిలో. క్యాబ్ వీధి మొదట్లోకి వచ్చేసింది. విమానాశ్రయం దాకా తనూ వెళ్తానని ఇందిరాదేవిగారు చీర మార్చుకుని వచ్చారు. ముగ్గురం ఎదురింటి వైపు చూశాం.

తలుపుకి తాళం ఉంది.

మొదట ఎవరికీ ఏమీ అనిపించలేదు. కూరలకి వెళ్లుంటుంది అనుకున్నాం. ఇందిరాదేవిగారు ఫోన్ చేశారు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశారు. మూడోసారి చేస్తూ చేస్తూ ఆవిడ చెయ్యి ఆగిపోయింది. 

"అమావాస్య," అన్నారు. "గట్టుకెళ్లిపోయింది."

యాదలక్ష్మి ప్రతి అమావాస్యకీ చెరువుగట్టు వెళ్తుంది. ఎల్బీ నగర్‌లో బస్సెక్కి, నార్కట్‌పల్లి దగ్గర దిగి, గుట్ట మీద రామలింగేశ్వరుడి దగ్గర రాత్రి పడుకుని, మర్నాడు వస్తుంది. ఈ వీధిలో అది తెలియనివాళ్లు లేరు. ఒక్క అమావాస్యను తప్పించుకోవడానికి ఇంత ఏర్పాటు చేసిన మేము, ఆ అమావాస్య అవతలి ఇంటికి కూడా వస్తుందని ఆలోచించలేదు.

జ్యోతిక తాళం పట్టుకుని లాగింది. క్యాబ్ డ్రైవర్ హారన్ కొట్టాడు. పిల్లాడు ఆ చప్పుడుకి ఏడుపు మొదలుపెట్టాడు. నేను యాదలక్ష్మి నంబరుకి నా ఫోన్ నుంచి కూడా చేస్తూనే ఉన్నాను. ఒంటిగంటన్నర దాటింది.

చివరికి ఎత్తింది. వెనక బస్సు మోత, టికెట్ టికెట్ అని కండక్టర్ అరుపు.

"అక్కా! ఏందక్కా గిన్ని ఫోన్లు? పర్సుల ఉండె, ఇనవడలే!"

"సంచే యాదలక్ష్మీ! జ్యోతిక సంచి!"

"అయ్యో నా అయ్య! తీస్కపోలేదా? నిన్ననే తీస్కపోయిన్రనుకున్న. పెండ్లి జాకెట్ల పనిల పడి నాకు సోయే లేదక్కా. మిషిని కిందనే ఉంటది."

"నువ్వెక్కడున్నావిప్పుడు?"

"చిట్యాల దాటిన. తాళంచెవి నా దగ్గర్నే ఉండె. దిగి ఎదురు బస్సెక్కుదునా?"

అది అయ్యే పని కాదని అందరికీ తెలుసు.  యాదలక్ష్మే మళ్లీ అంది, "తాళం పలగ్గొట్టుండ్రి అక్కా. ఏం చూస్తున్రు?"

"ఒకరి ఇంటి తాళం, అమావాస్య పూట, నా చేత్తోనా?"

"నేనే చెప్తున్న గదా కొట్టుమని! లోపల బంగారం ఏం లేదు, జాకెట్లే ఉన్నయ్. మీకు సైజు గూడ పట్టయి. కొట్టుండ్రి జర!"

వెనక ఎవరో నవ్వినట్టు వినిపించింది. ఇక్కడెవరికీ నవ్వు రాలేదు. ఇందిరాదేవిగారు ఇంకా నిలబడే ఉన్నారు. జ్యోతిక హాస్టల్లోకి వెళ్లి రుబ్బురోలు పొత్రం రెండు చేతులా మోసుకొచ్చింది. మంచి చుడీదార్ వేసుకుంది, తలలో పూలు కూడా ఉన్నాయి. ఒక్క దెబ్బ వేసింది. తాళానికి ఏమీ కాలేదు. రెండోది వేసింది. పక్కింటి ముసలాయన బయటికొచ్చి "ఏయ్ ఎవరది?" అన్నాడు. "నేనేనండీ," అన్నారు ఇందిరాదేవిగారు, తలొంచుకుని. ఇంకో రెండు దెబ్బలకి తాళం అలాగే ఉండి, గొళ్లెం కొయ్యలోంచి ఊడి వచ్చింది.

సంచి మిషన్ కింద, ఎర్ర గుడ్డముక్కల అడుగున దొరికింది. ఫైలు తెరిచి నడివీధిలో నిలబడి ఒక్కొక్క కాగితం చూసుకుంది జ్యోతిక. గేటు లోపలికి రా అని నేనంటే, ఇందిరాదేవిగారు చెయ్యి అడ్డం పెట్టారు. సంచి దాటిన గడప మళ్లీ దాటకూడదు. ఇంత జరిగాక కూడా.

ఇద్దరినీ ఎక్కించుకుని క్యాబ్ వెళ్లిపోయింది. నేను ఊడిన గొళ్లెం గడప లోపల పెట్టి, మా ఇంటి తాడుతో ఆ తలుపు రెక్కలు కట్టేశాను. తర్వాత పిల్లాడికి అన్నం పెట్టడానికి కూర్చున్నాను. వాడు తినలేదు. నేను ఫోన్లో వాళ్ల క్యాబ్ బొమ్మ కదులుతుందా లేదా అని చూస్తూ కూర్చున్నాను. ఒవైసీ జంక్షన్ దగ్గర చాలాసేపు ఆగింది. చాంద్రాయణగుట్ట దాటాక మళ్లీ ఆగింది. నేను వేలితో తెరను తోస్తే బండి ముందుకు పోతుందన్నట్టు తోస్తున్నాను.

ఇందిరాదేవిగారి ఫోన్ వచ్చింది. గొంతు మామూలుగా ఉంది. అలా ఉండటంతోనే భయమేసింది.

"గేటు మూసేశారట అమ్మాయ్. పిల్ల లోపలికెళ్లింది, సెక్యూరిటీ దాటేసరికి అయిపోయిందన్నారు. ఏడుస్తా ఫోన్ చేసింది. బయటికి పంపించేస్తున్నారు."

"ఇప్పుడెలా పిన్నిగారూ?"

"సాయంత్రంది చూడు. నా కళ్లజోడు ఇంట్లోనే మర్చిపోయాను."

పిల్లాణ్ని కింద దించి రెండు సైట్లు తెరిచాను. అన్నీ చూపించే సైట్‌లో సాయంత్రం విమానం ఉంది. మూడే సీట్లు మిగిలాయని ఎర్ర అక్షరాలు. ధర చూసి రెండుసార్లు చదువుకున్నాను. కంపెనీ సొంత సైట్ తెరిస్తే కొంచెం తక్కువ, కానీ స్టూడెంట్ ఆఫర్ లేదు. చెన్నై మీదుగా ఇంకోటి ఉంది, తెల్లవారుజామున చేరుతుంది.

"ఎంత?" అన్నారు.

చెప్పాను. మొదటి టికెట్‌కి మూడింతల పైన. అటువైపు ట్రాలీల చప్పుడు, ఎవరో పిల్లాడి ఏడుపు.

"ఒక్క నిమిషం పిన్నిగారూ, ఇంకో సైట్ కూడా చూస్తాను. చెన్నై మీదుగా అయితే కాస్త..."

"వద్దు."

"చూడటానికేముంది, ఒక్క నిమిషం..."

"వద్దన్నానా అమ్మాయ్. చెన్నైలో ఇది ఆలస్యమైతే మళ్లీ ఏడవాలి. నేరుగా వెళ్లేది కొనెయ్. నా కార్డు నంబరు నీ ఫోన్లో ఉందిగా. ఓటీపీ నాకొస్తుంది, చదువుతాను." కాస్త ఆగి, "కళ్లజోడు లేదు. ఇక్కడ ఎవరిచేతైనా చదివిస్తాను," అన్నారు.

అన్నట్టే ఎవరో మగగొంతు అంకెలు ఒక్కొక్కటే చదివింది. నేను నొక్కాను. శ్రీకర్ నా మోకాలు పట్టుకుని లాగుతుంటే ఒక అంకె తప్పు పడింది. మళ్లీ పంపమన్నాను. మళ్లీ ఆ గొంతు ఓపిగ్గా చదివింది. ఈసారి టికెట్ వచ్చింది. కింద ఇన్సూరెన్స్ టిక్ తీయడం మర్చిపోయానని డబ్బు కట్టాక చూశాను. అదేమీ చెప్పలేదు.

సాయంత్రం దీపాల వేళకి ఆవిడ బస్సులో తిరిగొచ్చారు. జ్యోతిక లోపలికి వెళ్లి, గేటు దగ్గర కూర్చుందని, ఇక కదలదని చెప్పారు. వచ్చీ రాగానే రాత్రి వంటకి బియ్యం కడిగారు. ఆ డబ్బు గురించి అడగబోతే, "దశరథకి చెప్పకు," అన్నారు. అంతే.

బుధవారం పొద్దున దశరథ ఫోన్ చేశాడు. రాత్రే భువనేశ్వర్ చేరి, ముందే మాట్లాడిపెట్టిన లేడీస్ హాస్టల్లో పడుకుందని బిడ్డ చెప్పిందట. విమానం కొంచెం లేటయిందని మాత్రమే చెప్పుకుంది.

"అంతా మీ పస్తానం మహిమనే మేడమ్," అన్నాడతను. "అమాస పూట గింత దూరం పోయి మంచిగ చేరిందంటే మాటలా?"

ఇందిరాదేవిగారు మెట్టు మీద చిక్కుడుకాయల గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నారు. నా వైపు చూడలేదు. "మంచిదండీ," అన్నారు.

అప్పుడే గట్టు నుంచి వచ్చిన యాదలక్ష్మి తన తలుపుకి కట్టిన తాడు చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏందక్కా, గొళ్లెం కొత్తది కొనియ్యరా? గంత మంచి తాళం, ఉత్తగ ఏలాడవట్టె!" అంటూనే వచ్చి, కొబ్బరి ముక్కలు, పుట్నాలు ఆవిడ కొంగులో పోసింది. "పిల్ల చేరిందా?" అని అప్పుడు అడిగింది.

"చేరింది," అన్నారావిడ.

ఇంకాసేపటికి జ్యోతిక ఫోన్ వచ్చింది. గుసగుసగా మాట్లాడుతోంది.

"ఆంటీ, సర్టిఫికెట్లన్ని చూసిన్రు. ఒరిజినల్స్ అన్ని ఉన్నయన్నరు. సంతకం గూడ పెట్టిచ్చుకున్నరు. ఇప్పుడు ప్రాక్టికల్‌కి పిలుస్తున్రు. ఫోన్ లోపలికి తీస్కపోనియ్యరంట, ఇక్కడ ఇచ్చేస్తున్న."

"టైట్రేషన్ వస్తే తొందరపడకు, చివర్లో చుక్క చుక్కగా వదులు," అని నేను పక్కనుంచి అరిచాను.

"సరే మేడం," అని పెట్టేసింది.

ఇందిరాదేవిగారు ఫోను పక్కన పెట్టి, గోడకి తల ఆనించారు. ఏదో చెప్తారనుకుని చూశాను. కళ్లు మూతపడ్డాయి. కొంగులో పుట్నాలు అలాగే ఉన్నాయి. ఇన్నాళ్లలో ఆవిడ పగటిపూట నిద్రపోవడం నేను చూడలేదు. శ్రీకర్ వెళ్లి ఆవిడ కొంగులోంచి ఒక్కో పుట్నం తీసుకుని నోట్లో వేసుకోబోతే, గొంతులో పడతాయని వాణ్ని ఇవతలికి లాక్కున్నాను. నా క్లాసుకి ఇంకా కాస్త టైముంది. కాసేపట్లో పిల్లలు మధ్యాహ్నం భోజనానికి వస్తారు. గిన్నె నా ముందుకు జరుపుకుని చిక్కుడుకాయల ఈనెలు తీయడం మొదలుపెట్టాను.